కొసరు పిల్ల

మా సూర్యాపేట బట్టల బజారులో నా పేరు మీద ఒక బేరం చాలా ఏండ్లు కథలాగ నడిచింది. పదిహేడేళ్ళ పిల్ల, రెండు జడలది, నాయిన వెంట మిర్యాలగూడ పోయి, తలపండిన వ్యాపారి దగ్గర ఒక బేలు కట్ట పాప్లిన్ బట్ట సగం ధర కంటే తక్కువకు కొట్టుకొచ్చిందని ముసలి గుమస్తాలు కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ వ్యాపారి బట్టల కొట్టు ఎత్తేసి బియ్యం మిల్లులో వాటా పెట్టబోతున్నాడని అంతకు ముందొకసారి పోయినప్పుడే బస్సు దిగిన చోట టీ కొట్టు దగ్గర విని ఉన్నాను. మిల్లు పిచ్చి పట్టినవాడికి ఇంట్లో బట్ట బరువు. ఆయన చెప్పిన ధర విని నేను నవ్వలేదు, గొణగలేదు. తానును వెలుతురుకు పట్టి, అంచు దగ్గర ఒక పోగు లాగి, "రంగు నిలుస్తదా?" అని అడిగి, జవాబు వినకుండానే లేచి చెప్పులేసుకున్నాను. బేరంలో అసలు మాట చెప్పులేసుకోవడమే. ఎడమ కాలికి నింపాదిగా, కుడి కాలికి ఇంకా నింపాదిగా. గడప దాటే లోపల ఆయన "ఆగు బిడ్డా, గంత కోపమెందుకు?" అని పిలిచాడు. నీలం రంగు మీద చిన్న చిన్న పసుపు పూల అచ్చు, బేలంతా ఒకటే రకం. ఆ లాభంతో నాయిన దుకాణంలో నాలుగు అద్దాల తలుపుల టేకు బీరువా చేయించాడు. అంత మంచి బేరం నేను మళ్ళీ చేయలేదు. అంత చెడ్డ పని కూడా మళ్ళీ చేయలేదు. ఆ రెండూ ఒకటే.

ఇవన్నీ ఇన్నేండ్ల తర్వాత తవ్వుకోవడానికి కారణం పోయిన నెల వచ్చిన ఫోను. "అక్కా, నేను రూతును. హాస్టల్ రూతును. మేట్రనమ్మ పోయింది. మట్టి గూడ అయిపోయింది. ఐతారం ఆదరణ కూడిక పెట్టినం, జర వస్తవా?" అన్నది. పోయినవాళ్ళ ఇంట్లో మిగిలినవాళ్ళను ఓదార్చడానికి పాటలు పాడి, ప్రార్థన చేసి, అందరికీ అన్నం పెడతారు. దానినే ఆదరణ కూడిక అంటారు. ఆ గొంతు వినగానే వస్తానన్నాను. బేరగత్తెను కదా, మాట ఆలస్యం చేయడం నాకు అలవాటు. ఈసారి మాత్రం ఆలస్యం చేయలేదు.

కోదాడలో మేట్రనమ్మది సందు చివర ఒక్క గది ఇల్లు. గడపలోనే పాత కుట్టుమిషను, దాని మీద ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు. లోపల నులక మంచం మీద బొంత పరిచి ఉంది. గది చీకటిగా ఉంది కాబట్టి నేను చూడలేదు, కూచోబోతూ చెయ్యి ఆనించాను. కండ్ల కంటే ముందు నా వేళ్ళకు తెలిసింది. పాప్లిన్. ఎన్ని ఉతుకులు ఉతికినా గంజి పట్టే రకం. తలుపు ఇంకాస్త తెరిచి చూస్తే అరచేతంత ముక్కలు, వేలంత ముక్కలు, త్రికోణాలు, పట్టీలు, అన్నీ నీలం, అన్నిట్లో పసుపు పూలు. ఆనాడు మిర్యాలగూడ వ్యాపారిని నేను అడిగిన ప్రశ్నకు జవాబు నా ఎదురుగా పరిచి ఉంది. రంగు నిలిచింది.

మా దుకాణం సూర్యాపేటలో పెద్ద బజారు కాదు, దాని పక్క సందు. పొద్దున్నే నాయిన గడప ముందర నీళ్ళు చల్లి, అగరుబత్తి ముట్టించి, మీటరు బద్దను కండ్లకద్దుకుని కూచునేవాడు. బోణి అయ్యేదాకా అప్పు మాట వినేవాడు కాదు, టీ తాగేవాడు కాదు, నవ్వేవాడు కాదు. బోణి అయిందంటే ఆ నోట్లను తల చుట్టూ తిప్పుకుని వేరే మనిషి అయ్యేవాడు. కొత్త తానుల గంజి వాసన, బీరువా మూలల్లో కలరా ఉండల వాసన, వెనక ఇంట్లో అమ్మ వేయించే మిరపకాయల ఘాటు, మూడూ కలిసి మా బాల్యపు గాలి. నాయినకు చదువు లేదు కాని సూత్రాలు చాలా. "బేరంల ముందు నోరు ఇప్పినోడు ఓడిపోతడు" అన్నది మొదటిది. "కొలిచినంక రెండు వేళ్ళంత కొసరు ఇయ్యకపోతె, కొన్నోడు ఇంటికి పోయి కూడ మనల తలుసుకోడు" అన్నది రెండోది. మొదటిది నాకు బాగా పట్టింది. రెండోది ఆయనతోనే పోయింది.

ఊరి చివర ఖమ్మం రోడ్డు మీద మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టలు ఉండేది. చుట్టుపక్కల కూలివాళ్ళ పిల్లలు, దామరచర్ల, మాడుగులపల్లి అవతలి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, అక్కడ ఉండి ఊళ్ళో బడికి పోయేవాళ్ళు. ఒక్కొక్క పిల్లకు ఒక నెంబరు, ఆ నెంబరుకు ఎక్కడో సముద్రాల అవతల ఒక స్పాన్సరమ్మ. ఆ అమ్మ పంపే డబ్బుతో పిల్లకు తిండి, ఫీజు, పుస్తకాలు, క్రిస్మసుకు ఒక కొత్త ఫ్రాకు. ఆ ఫ్రాకు బట్ట మా దుకాణంలో తీసుకునేవాళ్ళు. బట్ట కోసం వచ్చేది హాస్టలు పిల్లలను చూసుకునే మేట్రన్ సలోమమ్మ, కోదాడ మనిషి. తెల్ల చీర, చేతిలో గొడుగు, వానున్నా లేకున్నా. ఊరందరికీ ఆమె మేట్రనమ్మే. మా అమ్మ ఆమెకు టీ ఇచ్చేది కాని, కిటికీ మీద విడిగా బోర్లించి పెట్టిన గ్లాసులోనే ఇచ్చేది. ఆమె తాగి, తానే కడిగి, మళ్ళీ కిటికీ మీదే బోర్లించేది. నేను చూస్తూ పెరిగాను. అది కూడా ఒక ధరే అని, ఎవరో కడుతున్నారని, అప్పుడు నాకు తోచలేదు.

హాస్టల్లో క్రిస్మసు వానాకాలంలో వచ్చేది. వింటే నవ్వొస్తుంది కాని నిజం. పిల్లల ఫోటోలు డిసెంబరు కల్లా అక్కడి స్పాన్సరమ్మల చేతికి అందాలంటే ఇక్కడ వినాయక చవితి పందిళ్ళు వేసే రోజుల్లోనే పండుగ చేయాలి. వరండాలో వేప కొమ్మ పాతి, దూదేకులాయన దగ్గర తెచ్చిన దూదిని మంచులాగ అంటించేవాళ్ళు. ఒకసారి మేకలు వచ్చి క్రిస్మసు చెట్టును మంచుతో సహా తినేశాయి. ఎర్ర కాగితం నక్షత్రం వాన జల్లుకు కారి, కింద నిలబడ్డ పిల్లల నెత్తుల మీద రంగు పడేది. ఉక్కపోతలో కొత్త ఫ్రాకులు తొడుక్కుని, తలలకు కొబ్బరి నూనె కారేలా రాసుకుని, ఒక్కొక్కరే తమ నెంబరు రాసిన పలక పట్టుకుని నిలబడితే ఫోటో స్టూడియో ఆయన "నవ్వుండ్రి బిడ్డా, దొరసాని సూస్తది" అనేవాడు. ఫోటో కాగానే ఫ్రాకులు విప్పించి, మడతపెట్టి, ట్రంకు పెట్టెల్లో పెట్టేవాళ్ళు. మళ్ళీ అసలు పండుగకే. పండుగ అయ్యాక ఎండాకాలం సెలవులకు ఇండ్లకు పోయేటప్పుడు ఆ ఫ్రాకును చెల్లెండ్లకు ఇవ్వడానికి తీసుకుపోయేవాళ్ళు. అందువల్ల ఏ పిల్ల దగ్గరా రెండు పండుగ ఫ్రాకులు ఎప్పుడూ ఉండేవి కావు. ఈ మాట గుర్తుంచుకోండి.

రూతుకు నెంబరు లేదు. తండ్రి మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీ. ఆరో తరగతిలో చేర్చుకోమని తెచ్చేటప్పటికే నెంబర్లన్నీ అయిపోయాయి. వచ్చే ఏడు చూద్దామని చెప్పి పంపితే, పిల్ల గేటు దగ్గర కూచుని, లోపల పిల్లలు చదివే పద్యాన్ని బయటి నుంచి వాళ్ళకంటే గట్టిగా చెప్పిందట. మేట్రనమ్మ తండ్రిని వెనక్కి పిలిచి, "పదో తరగతి దాకా ఈ పిల్ల బాధ్యత నాది. మధ్యలో వచ్చి పెళ్ళనీ పననీ తీసుకుపోనని మాటివ్వు" అన్నది. ఆయన ఇచ్చాడు. ఆనాటి నుంచి తన అన్నంలోంచి, తన జీతంలోంచి పెట్టుకుంటూ వచ్చింది. పైవాళ్ళకు తెలిస్తే ఊరుకోరు. నెంబరు లేని పిల్లకు హాస్టల్లో చోటు లేదని నియమం. మా దుకాణానికి పిల్లను వెంటబెట్టుకొచ్చినప్పుడు నాయిన, "ఈ బిడ్డ ఎవరిదమ్మా, లిస్టుల లేదు గదా?" అని అడిగితే మేట్రనమ్మ నవ్వి, "ఇది నా కొసరన్నా. కొలిచాక దేవుడు ఎక్కువిచ్చాడు" అన్నది. మా బజారు భాషలో ఆమె చెప్పిన ఆ ఒక్క మాటకే నాయిన పడిపోయాడు. ఆ రోజు రూతుకు జడ రిబ్బన్లు ఊరికే ఇచ్చాడు. నా ఎరుకలో నాయిన ఊరికే ఇచ్చిన సరుకు అదొక్కటే.

రూతు నాకంటే చిన్నది. బట్ట ముక్కలు ఏరుకోవడానికి సాయంత్రాలు దుకాణానికి వచ్చేది. మిగతా పిల్లలకు స్పాన్సరమ్మల నుంచి పొట్లాలు వచ్చేవి: రంగు పెన్సిళ్ళు, మా ఎండలకు పనికిరాని ఉన్ని మేజోళ్ళు, జుట్టు పిన్నులు. రూతుకు వచ్చేవి ఆ పొట్లాల పై కాగితాలు. వాటిని ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి పుస్తకాలకు అట్టలు వేసుకునేది. "నీకేం రాలేదా?" అని నేను ఒకసారి ఏడిపిస్తే, "అందరి పొట్లాలు నాకే వచ్చినయక్కా. లోపలియి ఆళ్ళకిచ్చిన" అన్నది. నోరు అంత చురుకు. లెక్కలు అంతకంటే. నాయిన బద్ద దించకముందే ఎన్ని ఫ్రాకులకు ఎంత బట్టో చెప్పేది. "ఇది చదివితే మన దుకాణానికే ఎసరు" అనేవాడు నాయిన. ఆ పిల్లకు టీచరు కావాలని ఉండేది. పదో తరగతి పాసైతే టీచరు ట్రైనింగు చదువుకు దారి దొరుకుతుందని మేట్రనమ్మ దానికి చెప్పి ఉంచింది. దానికి పదో తరగతి అంటే తరగతి కాదు, ఒక గడప.

రూతు ఎనిమిదికి వచ్చేసరికి కోదాడలో మేట్రనమ్మ తల్లి మంచం పట్టింది. జీతమంతా దవాఖానకే. ఒకరోజు దుకాణంలో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూచుని, "అన్నా, ఈ పిల్లని ఇంక లాగలేనేమో" అన్నది. రూతు బయట మెట్టు మీద ముక్కలు ఏరుతూ ఉంది. విన్నదో లేదో తెలియదు. అప్పుడు నా బుర్ర పని చేసింది. మిర్యాలగూడ వ్యాపారి సంగతి అప్పటికే చెవిన పడి ఉంది. బేలంతా తీసుకుంటే రెండేళ్ళ ఫ్రాకులకు సరిపోతుంది. రెండేళ్ళ బట్ట ఒక ఏటి బట్ట డబ్బుకే వస్తుంది. రెండో ఏడు బట్ట కోసం వచ్చే డబ్బు మొత్తం మిగులుతుంది. దానితో రూతు చదువు పదో తరగతి దాకా నడుస్తుంది. మాకూ నాలుగు రాళ్ళు మిగులుతాయి. వేళ్ళు మడిచి చెప్పాను. మేట్రనమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది, మళ్ళీ పోయింది.

"రెండేళ్ళూ ఒకటే బట్టయితే ఎలాగమ్మా? ఫోటోలో కనబడదూ?"

"గంత దూరం కూసున్నోళ్ళు ఫ్రాకు మీద పూలు లెక్కవెడ్తరా అమ్మా? పిల్ల బాగున్నదా లేదా సూస్తరు, గంతే."

నాయిన మీటరు బద్దతో వీపు గోక్కుంటూ, "కొన్నోడు సరుకు సూడకుంట ఉంటడా బిడ్డా?" అన్నాడు.

"ఆళ్ళు కొన్నోళ్ళు కాదు నాయినా. ఇచ్చినోళ్ళు. ఇచ్చినోళ్ళు సూడరు" అన్నాను. గుడిలో వేసిన డబ్బును తిరిగి చూసినవాళ్ళను నేను చూడలేదు మరి. నా లోకం అంతే.

మొదటి ఏడు నీలం మీద పసుపు పూలు. రెండో ఏడు కొత్తగా కుట్టిన ఫ్రాకులు, మళ్ళీ నీలం మీద పసుపు పూలు. మేట్రనమ్మ వరండాలో తన మిషను మీద తానే కుట్టింది, పిల్లలు పెరిగితే విప్పడానికి అంచులు లోపలికి మడిచి, కత్తిరింపు ముక్కలన్నీ ఒక సంచిలో వేసుకుంటూ. రూతుకూ ఒకటి కుట్టింది. ఫోటో లేని పిల్ల కాబట్టి రూతు వేప కొమ్మకు దూది అంటించి, నక్షత్రం కట్టి, పక్కకు తప్పుకుని నిలబడింది. అప్పటికి తొమ్మిదో తరగతి.

ఆ డిసెంబరులో ఉత్తరం వచ్చింది. హాస్టల్లో మార్త అనే చిన్న పిల్ల ఉండేది, ఆ పిల్ల స్పాన్సరమ్మ రాసింది. ఆమె కూడా ఎక్కడో బడిలో టీచరట. మార్త ఫోటోలను ఏటికేడు వరుసగా గోడకు అంటించుకునేదట. రోజూ చూసేదట. "నా పాప పెరిగింది కాని ఈ ఏడు కూడా అదే ఫ్రాకులో ఉంది. కొత్తది కుట్టించడానికి డబ్బు చాలలేదేమో" అని, ఆ ఉత్తరంతో పాటు ఇంకో ఫ్రాకుకు డబ్బు పంపింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. కాని ఆ ఉత్తరం పట్నంలో ఉన్న మిషన్ పెద్దాఫీసు మీదుగా వచ్చింది. ప్రేమగా రాసిన మాట ఆఫీసు బల్ల మీద పడేసరికి ఫిర్యాదు అయింది. ఈ ఏడు బట్టల డబ్బు ఎటు పోయింది?

విచారణకు మనిషి వస్తున్నాడని తెలిసిన రోజు మధ్యాహ్నం మేట్రనమ్మ గొడుగు లేకుండా దుకాణానికి వచ్చింది. పాత ఫ్రాకులు చూపిద్దామంటే అవి ఎప్పుడో చెల్లెండ్ల ఒంటి మీద చినిగిపోయాయి. మా బిల్లు చూపిద్దామంటే బేలు మొత్తానికి మొదటి ఏడే రాశాం. రెండో ఏటికి బిల్లే లేదు. "ఎందుకు లేదు? ఇప్పుడు రాద్దాం" అన్నాను నేను. నాయిన ఎన్నడూ దొంగ బిల్లు రాయని మనిషి. నా వైపు, ఆమె వైపు చూసి, చివరికి పెన్ను టోపీ తీశాడు. మేట్రనమ్మ బిల్లు పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దన్నా. అబద్ధం మీద నిలబెట్టిన చదువు ఆ పిల్లకొద్దు. రాస్తే నిజం బిల్లు రాయండి, లేకపోతే ఊరుకోండి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను."

చెప్పింది. మరునాడు హాస్టలు వరండాలో, బెంచీ మీద కూచున్న ఆఫీసాయన ముందు. నాయినా నేనూ సాక్ష్యానికి పోయాం. ఆయన చెడ్డవాడేం కాదు. బస్సు ప్రయాణంతో అలిసిన మనిషి, మాటిమాటికీ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. మార్త ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టాడు. తర్వాత స్తంభం పక్కన, అదే నీలం ఫ్రాకులో నిలబడ్డ రూతును చూశాడు.

"ఈ పిల్ల నెంబరెంత?"

"నెంబరు లేదండి. మిగిలిన డబ్బు ఈ పిల్ల అన్నానికీ ఫీజుకీ పెట్టాను. నాకోసం పైసా తీసుకోలేదు."

"మీరు తిన్నారని నేను అనడం లేదమ్మా. కాని ఆ డబ్బు ఇచ్చినవాళ్ళు ఈ పిల్లకు ఇవ్వలేదు కదా."

నాయిన గొంతు సవరించుకున్నాడు. చదువుకున్నవాళ్ళ ముందు ఆయన మాట్లాడటం నేను అదే చూడటం. "సారు, మేము మీటరు కొలిచినంక రెండు వేళ్ళంత కొసరు ఇస్తం. అది ఏ లెక్కల ఉండదు. అది ఇయ్యకుంటె బట్ట కుట్టుకు సరిపోదు సారు."

ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. రూతు వైపు చూసి, ఫైలు మీద పెన్ను పెట్టి అన్నాడు: "సరే. పదో తరగతి దాకా ఈ పిల్ల ఖర్చు ఎవరైనా పెట్టుకుంటామంటే చెప్పండి. అలా రాసుకుని, మేట్రనమ్మ సంగతి కూడా పైవాళ్ళకు సర్దిచెబుతాను. ఎవరైనా ఉన్నారా?"

వరండా అంతా నిశ్శబ్దం. నాయిన నా వైపు చూశాడు. బేరాలన్నీ అప్పటికే నా చేతికి వదిలేశాడు కదా. రూతు కూడా నా వైపే చూసింది. నాకు ఆ నిశ్శబ్దం బాగా తెలిసిన చోటు. ముందు నోరు విప్పినవాడు ఓడిపోతాడు. ఈయన ఇప్పుడు మొత్తం అడిగాడు, కాసేపుంటే సగానికి దిగుతాడు, సగం హాస్టలు భరిస్తుందంటాడు, అప్పుడు మేము పావు అంటాం అనుకున్నాను. మనసులో పావు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. ఆయన దిగలేదు. అందుకని నేను లేచాను. మెట్ల దగ్గరికి పోయి చెప్పులేసుకున్నాను. ఎడమ కాలికి నింపాదిగా, కుడి కాలికి ఇంకా నింపాదిగా. వెనక నుంచి పిలుస్తాడని చెవులు రిక్కించి గేటు దాకా నడిచాను.

పిలవలేదు. ఆయన వ్యాపారి కాదు. మేము పోతున్నామంటే పోతున్నామనే అనుకున్నాడు.

దారిలో నాయిన, "బిడ్డా, మల్ల పోదమా? ఎంతయితె అంతయితది" అన్నాడు. "ఆగు నాయినా, రేపటి లోపల ఆయనే కబురు పంపుతడు. ఇప్పుడు పోతె అలుసైపోతం" అన్నాను. కబురు వచ్చింది. మేట్రనమ్మను కొలువు నుంచి తీసేశారు. రూతు తండ్రిని పిల్లను తీసుకుపొమ్మన్నారు. ఆయన మాట తప్పలేదు. మాట తీసుకున్న మనిషే లేకుండా పోయింది.

మిర్యాలగూడ బస్సు ఎక్కే ముందు తండ్రీకూతుళ్ళు మా దుకాణం దగ్గర ఆగారు. ఆయన లోపలికి రాలేదు, మెట్టు కింద తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. రూతు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకునే లోపలికి చూసింది. ఒంటి మీద నీలం ఫ్రాకే. నాయిన రిబ్బన్ల డబ్బా తీయబోయాడు, డబ్బా చేయి జారి కింద పడింది. రూతు పెట్టె దించి, రిబ్బన్లన్నీ ఏరి, చుట్టి, డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఒక్కటి కూడా తీసుకోలేదు.

"అక్కా," అన్నది నాతో, "వచ్చే ఏడు జర బట్ట మార్సుండ్రి."

తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

మిల్లులో తల్లితో పాటు తవుడు ఊడ్చే పనికి కుదిరిందని తర్వాత విన్నాను. మేట్రనమ్మ కోదాడ పోయి జాకెట్లు కుట్టుకుని బతికింది. ఒకటి రెండుసార్లు బజారులో కనబడితే, "బాగున్నావా తల్లీ, నాన్నగారు బాగున్నారా?" అని అడిగిందే తప్ప ఇంకో మాట అనలేదు. నేను ఆమె ఇంటికి ఎన్నడూ పోలేదు. ఏ ధర చెబుతుందో అని భయం. నాయిన పోయేదాకా ఆ అద్దాల బీరువా తుడిచేటప్పుడల్లా ఒక తలుపు దగ్గర ఆగేవాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు మా దుకాణం ఉన్న చోట రెడీమేడ్ షాపు. ధర చీటీ మీదే ఉంటుంది, బేరం లేదు, కొసరు అసలే లేదు. హాస్టలు చోట ఫంక్షన్ హాలు లేచింది. పిల్లల ఫోటోలు ఇప్పుడు ఫోనులో క్షణంలో పోతాయట. క్రిస్మసును వానాకాలంలో చేయాల్సిన పని లేదు. మంచిదే. ఆ రోజుల్లో అలాంటి ఫోను ఉంటే ఆ స్పాన్సరమ్మ ఒక్క మాట అడిగేది, మేట్రనమ్మ ఒక్క మాట చెప్పేది. కాని వంక ఫోను మీద పెట్టడం కూడా నా పాత విద్యే. ఆ రోజు వరండాలో ఏ సముద్రమూ అడ్డం లేదు.

ఆదరణ కూడికలో పాటలు అయిపోయాక రూతు అందరికీ అన్నం వడ్డించింది. జుట్టు సగం నెరిసింది, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. మాడుగులపల్లి దగ్గర ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుందట. "రోజు బడికి పోతున్న అక్కా," అని తనే నవ్వింది, "ఎనక దర్వాజ నుంచి." మేట్రనమ్మ దగ్గరికి ఏటేటా క్రిస్మసుకు వచ్చేదట, ఇద్దరూ కూచుని ఆ సంచిలో ముక్కలు ఏడాదికి కొన్ని చొప్పున అతికేవాళ్ళట. పోయిన పండుగకు ఆఖరి ముక్క అయిపోయిందట.

జనం పల్చబడ్డాక నా పక్కన కూచుంది. బొంత అంచు వేళ్ళతో నిమురుతూ, "అక్కా, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. మేట్రనమ్మను అడిగితె చెప్పకపోయేది. నా పదోతరగతికి అప్పుడు ఎంతయ్యేది?" అన్నది.

నాకు మర్చిపోయిన ధరంటూ లేదు. ఆ రోజు మనసులో పెట్టుకున్న పావు కూడా గుర్తే. చుట్టూ చూశాను, తగ్గించి చెప్పడానికి గాని, పెంచి చెప్పడానికి గాని ఎవరూ లేరు.

"మా దుకాణంల అద్దాల బీరువ ఉండె సూడు. దాని తలుపు ఒక్కటి అమ్మితె సరిపోతుండె."

రూతు చెయ్యి బొంత మీద ఆగిపోయింది.

"గంతేనా?" అన్నది. "నేను చానా అనుకున్న అక్కా. మేట్రనమ్మ కొలువే పోయె, అందరు పెద్దోళ్ళు కూసోని కూడ ఎవ్వలు మాట్లాడకపోయిరి. నా సదువు ఎంతో ఉంటది కావచ్చు, ఎవలతోని అయితది అనుకున్న."

ఎవరో లోపలి నుంచి పప్పు అడిగారు. రూతు లేచి పోయింది. వెళ్ళేటప్పుడు నా విస్తట్లో, అడక్కుండానే, ఇంకో గరిటె అన్నం వేసింది.

మేట్రనమ్మా, నువ్వు అడిగిన నిజం బిల్లు రాస్తున్నాను. బేలు మీద మాకు మిగిలింది: టేకు బీరువా, నాలుగు అద్దాల తలుపులు. బేలు మీద నీకు పోయింది: కొలువు, పేరు, పెంచుకున్న పిల్ల. రూతుకు పోయింది: ఒక గడప, దాని అవతల ఉన్నదంతా. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే మాకు పోయేది: ఒక తలుపు. బీరువా ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నాలుగు తలుపులూ ఉన్నాయి.